మూగజీవి పోయినప్పుడు

2021 జూన్ మాసములో హైదరాబాదు పాతబస్తీ, బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాణి అను ఏనుగు చనిపోయినది. 1938లో పుట్టిన ఆ ఏనుగు ఒకప్పుడు మొహర్రం ఊరేగింపులోను, బోనాల ఊరేగింపులోను నడిచినది. వార్త చదివి మేము, "ఎనభై ఏండ్లు దాటి బ్రతికినది, ఇంకేమి కావలెను?" అంటిమి.

ప్రక్కనున్న మా అమ్మాయి, "దాని మావటితో కూడా ఇంకో ఏనుగు వస్తుందిలే అంటారా నాన్నా?" అని లేచిపోయినది.

ఆ మాట మాకు గ్రుచ్చుకొనినది. నెల క్రితం మా కుక్క చనిపోయినప్పుడు, "కుక్కే గదా, ఇంకొకటి తెచ్చుకుందాములే" అని మేమే అంటిమి. ఎన్నో ఇండ్లలో ఆదరణ వాక్యము చెప్పిన మేము మా బిడ్డను ఆదరించలేకపోతిమి.

బీదవాని గొఱ్ఱెపిల్లను గూర్చి నాతాను చెప్పినప్పుడు (2 సమూయేలు 12) దావీదు, "గొఱ్ఱెపిల్లే గదా" అనలేదు. అతడు గొఱ్ఱెలు కాచినవాడు. ఆ బాధ అతనికి తెలియును.

ఆ రాత్రి మేము అమ్మాయి దగ్గర కూర్చుండి క్షమించుమని అడిగితిమి. కుక్క సంగతులు చెప్పుమంటిమి. ఏడ్చుచు, నవ్వుచు చాలాసేపు చెప్పినది. దాని పళ్లెము ఇంకను దాచుకొనియున్నదని అప్పుడే మాకు తెలిసినది.

ప్రియులారా, ఎద్దు చనిపోయిన ఇంటికి వెళ్లినప్పుడు దాని వెల అడుగకుడి. దాని పేరు అడుగుడి. తరువాత ఊరకే వినుడి.