సొలూషన్ వాసన

తోలు వాసనకు కులం ఉంది. సొలూషన్ వాసనకు లేదు. లంద పక్కనుంచి పోతే ఊరు ముక్కు మూసుకుంది, మా వాడను దూరం పెట్టింది. అదే ఊరి మనిషి పట్నంల కొత్త చెప్పుల జత ముక్కు దగ్గర పెట్టుకొని మురుస్తడు. ఆ కొత్త వాసన మా ఇంట్ల పుట్టింది. మా నాయిన నరాలను తిని పుట్టింది.

మా తాత సున్నం, తంగేడు చెక్క, కరక్కాయతో తోలు పదును చేసేటోడు. నల్లరంగు కావాలంటే ఇనుప ముక్కలు బెల్లం నీళ్లల్ల నానవెట్టేటోడు. ఆ నీళ్లు తంగేడు పట్టిన తోలుకు తగిలితే నల్లబడుతది. ఇది రసాయన శాస్త్రం. కానీ తాతను శాస్త్రం తెలిసినోడని ఎవరూ అనలేదు. ఆ పని సుఖమైందని నేననను. సున్నం చేతులను పగలగొట్టేది. దొమ్మరోగంతో సచ్చిన గొడ్డు తోలు ఒలిస్తే ఆ రోగం మనిషికీ అంటేది. అయినా ఏది కాలుస్తదో, ఏది కుళ్లుతదో ఆయనకు ఎరుక. అది తరతరాల ఎరుక.

నాయినకు ఆ ఎరుక పనికిరాలేదు. 1990లల్ల హైదరాబాదుకొచ్చి ఒక్క అర్ర ఇంట్ల ఉన్నం. షాపాయన తోలు, సోలు, సొలూషన్ డబ్బా ఇచ్చి జతకింత అని కట్టించేటోడు. డబ్బా మీద ఏదో ఇంగ్లీషుల రాసి ఉండేది, పక్కన పుర్రె బొమ్మ. చదివి చెప్పినోడు లేడు. వంట ఆడనే, పండుడు ఆడనే, అతుకుడు ఆడనే. తలుపు తీస్తే ఇంటి ఓనరు "తోలు వాసనొస్తున్నది, ఏసుకోండి" అనేటోడు. మేము తలుపు ఏసుకున్నం. అంటరానితనం మా తలుపు మూసింది, విషం లోపల మిగిలింది.

మొదలు నాయిన కాలివేళ్లకు తిమ్మిర్లు పట్టినయి. తర్వాత కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. చెప్పులు కుట్టేటోనికి! దవాఖానల డాక్టరు "తాగుతవా?" అనడిగిండు. నాయిన సారా ముట్టినోడు కాదు. షుగరు చూసిండ్రు, లేదు. ఏం పని చేస్తవని మాత్రం ఎవరూ అడగలేదు. రోగిని పనేమిటని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాసిపెట్టాడు.

ఆ జబ్బు పేరు నాకు తర్వాత పుస్తకాల్లో దొరికింది. 1950ల ఆఖర్లో జపాన్‌లో ఇళ్లల్లో కూచొని చెప్పులు అతికేవాళ్లకు బెంజీన్ ఉన్న జిగురు వల్ల ఒంట్లో రక్తం తయారుకాని జబ్బొచ్చింది, కొందరు చనిపోయారు. 1959లో ఆ జిగురును నిషేధించారు. దాని చోట హెక్సేన్ ఉన్న జిగురు వచ్చింది. 1960లల్లో చెప్పుల పనివాళ్ల కాళ్లు చేతులు చచ్చుబడ్డాయి. 1970లో ఇంటిపని కార్మికుల కోసం అక్కడ చట్టం తెచ్చారు. హెక్సేన్ దెబ్బ పని మానేసినంక కూడా కొన్ని నెలలు ముదురుతుంది, ఆ తర్వాతే మెల్లగా తగ్గుతుంది. మా నాయినకు అట్లనే అయింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంట్ల ఈ పని చేసేటోళ్లకు ఇది చదివి చెప్పండి. సొలూషన్ ఆవిరి గాలికన్నా బరువు. నేల మీదికి దిగుతది, మనం కూచునేది ఆడనే, పిల్లలు పండేది ఆడనే. అందుకే ఎదురెదురు తలుపులు, కిటికీలు తీయాలె. గాలి మొఖం దిక్కు కాక బయటికి పోవాలె. వాకిట్ల చేసుకుంటే ఇంకా మంచిది. కావలసినంతే చిన్న గిన్నెల పోసుకొని డబ్బా మూత బిగించాలె. వేలితో కాదు, బ్రష్షుతో పూయాలె. పొయ్యి, బీడీ, దీపం దగ్గరుండొద్దు, ఆవిరే అంటుకుంటది. మూతికి కట్టిన గుడ్డ ఆవిరిని ఆపదు, దానికి బొగ్గు గుళిక ఉన్న మాస్కు కావాలె. చేతులు థిన్నరుతో, పెట్రోలుతో కడగొద్దు, చర్మంలోంచి లోపలికి పోతయి. కొబ్బరినూనె రాసి సబ్బుతో కడగండి. నీళ్లతో చేసిన జిగురు దొరికితే అదే అడగండి. పాలిష్ స్ప్రే ఇంట్ల కొట్టొద్దు. రంగు పొడిని ఊదొద్దు. విషం విడిచే అజో రంగులు చాలావాటిని 1997 నాటికి మన ప్రభుత్వం నిషేధించింది. కానీ పేరులేని పొట్లంల ఏముందో కంటికి కనపడదు. తోలు రాపిన దుమ్ము క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. చీపురుతో లేపకుండ తడిగుడ్డతో తుడవాలె. పిల్లలను, కడుపుతో ఉన్నోళ్లను ఆ అర్రల ఉంచొద్దు.

ఇవన్నీ చెప్పి, జాగ్రత్తగా ఉండండి అని చేతులు దులుపుకుంటే అది కూడా మోసమే. ఒక్క అర్ర ఉన్నోడు ఎదురెదురు కిటికీలు ఎక్కడ తేవాలె? 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటున్న చోట 10 మంది, లేని చోట 20 మంది పనోళ్లుంటేనే ఫ్యాక్టరీ అన్నది. 2020 కోడ్ ఆ లెక్కను 20కి, 40కి పెంచింది. నాయిన, అవ్వ, నేను కలిస్తే ముగ్గురం. ఏ లెక్కల్లోనూ లేం.

అందుకే అడగాల్సింది జాలి కాదు. సరుకిచ్చేటోడే మాస్కులు, మంచి జిగురు ఇయ్యాలె. డబ్బా మీద తెలుగుల రాయాలె. వాడకొక గాలాడే పని షెడ్డు కట్టాలె. దవాఖానల మొదటి ప్రశ్న "ఏం పని చేస్తవు?" కావాలె. ఆ షెడ్డు తలుపు మూయుమనే హక్కు ఏ ఓనరుకూ ఉండొద్దు.