దేవదాసు పోస్టు చేసిన ఉత్తరం

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. పదకొండో తరగతికి వచ్చేసరికి నాకిది నాలుగో ఊరు. ఏ ఊరు వెళ్ళినా యూనిఫాం అదే, ఉదయం ప్రార్థన అదే, పాఠాలు అవే. మారేదల్లా పక్కన కూర్చునే స్నేహితురాలు.

పోయిన వేసవిలో మేము భోపాల్ నుంచి జంషెడ్‌పూర్ వచ్చి సిద్ధగోరాలో ఒక అద్దె ఇంట్లో దిగాం. సామాను విప్పుతుంటే నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున ఒక పాత పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, కాగితాలు పచ్చబడ్డాయి. శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ రాసిన 'దేవదాసు', చక్రపాణి గారి తెలుగు అనువాదం. మా బళ్ళో తెలుగు లేదు. నాకు అక్షరాలు దిద్దించింది నాయనమ్మే. అందుకని మొదట్లో కూడబలుక్కుంటూ రోజుకు నాలుగు పేజీలు చదివాను. సగం దాటాక మాత్రం పుస్తకం కింద పెట్టలేకపోయాను.

మా కింది వాటాలో ఒక బెంగాలీ పెద్దావిడ ఉంటారు. అందరం ఆవిణ్ణి మాషీమా అంటాం. నా చేతిలో పుస్తకం చూసి, "మా శరత్ బాబు మీ భాషలోకి కూడా వచ్చాడా?" అని మురిసిపోయారు. నాయనమ్మ ఊరుకుంటుందా? "మీ శరత్ బాబేమిటి? చిన్నప్పుడు మేము ఆయన తెలుగువాడే అనుకునేవాళ్ళం" అంది, సగం హిందీ, సగం తెలుగు కలిపి. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. నాయనమ్మ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 1876లో హుగ్లీ జిల్లాలో పుట్టిన శరత్‌ని, బెంగాలీ నేర్చుకున్న తెనాలి ప్రాంతపు చక్రపాణి గారు తెలుగువాళ్ళ ఇళ్ళలోకి తీసుకొచ్చారు. 1917లో అచ్చయిన ఈ నవల 1953లో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన సినిమా అయింది. అప్పట్నుంచి మనవాళ్ళు గడ్డం పెంచుకుని దిగాలుగా తిరిగే ప్రతివాణ్ణీ 'దేవదాసు' అనేస్తున్నారు.

నేనూ ఇది ఒక తాగుబోతు కథ అనుకునే మొదలుపెట్టాను. కాదు. ఇది ఒకరికోసం ఒకరు పుట్టినట్టున్న ఇద్దరు ఒకరినొకరు ఎలా పోగొట్టుకున్నారో చెప్పే కథ. దేవదాసు, పార్వతి ఇరుగుపొరుగు పిల్లలు. ఒకే బడి, ఒకే ఆటలు. దేవదాసును చదువుకి కలకత్తా పంపేస్తారు. పెద్దయ్యాక పార్వతి ఒక రాత్రి ఒంటరిగా అతని గదికి వచ్చి మనసు చెప్పుకుంటుంది. ఆ కాలంలో ఒక ఆడపిల్లకు ఎంత ధైర్యం! దేవదాసు మాత్రం తల్లిదండ్రులు ఒప్పుకోరని భయపడి కలకత్తా వెళ్ళిపోతాడు. అక్కణ్ణించి, నీ మీద నాకు అంత ప్రేమేమీ లేదన్న ధోరణిలో ఒక ఉత్తరం రాసి పోస్టు చేస్తాడు. చేసిన వెంటనే పశ్చాత్తాపపడతాడు. వెనక్కి పరుగెత్తుకొస్తాడు. అప్పటికే పార్వతి మనసు విరిగిపోయింది. చెరువు దగ్గర మాటా మాటా పెరిగి, దేవదాసు చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. ఆ మచ్చ అలాగే మిగిలిపోతుంది.

నాకు దేవదాసు మీద జాలి కలగలేదు. ఒళ్ళు మండింది. ఒక్క మాట చెప్పలేకపోయినవాడు, తర్వాత జీవితమంతా తాగి ఏడిస్తే ఏం లాభం? చివరికి పార్వతి అత్తవారింటి ముందు చెట్టు కింద, ఎవరో తెలియని మనిషిగా ప్రాణం వదులుతాడు. పార్వతికి ఆఖరి చూపు కూడా దక్కదు. ఆ పేజీలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను భయపెట్టింది చావు కాదు, ఆ ఉత్తరం. ఎందుకంటే అలాంటిదే ఒకటి నేనూ రాశాను.

భోపాల్‌లో నాకొక స్నేహితురాలు ఉండేది. మూడేళ్ళు ఒకే బెంచీ. నేను సగం చెబితే మిగతా సగం తను చెప్పేది. నాన్నగారి బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజునుంచి నేను తనతో మాట్లాడడం తగ్గించాను. ఎందుకని అడిగితే ఫోన్‌లో ఒక సందేశం పంపాను: "మన స్నేహం అంత గొప్పదేమీ కాదులే. అక్కడ నాకు కొత్తవాళ్ళు దొరుకుతారు." ఆఖరి రోజు తను మా ఇంటికి వచ్చింది. నేను లోపలి గదిలో కూర్చుని, సామాను సర్దుతున్నానని అమ్మతో చెప్పించాను. తను మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయిందట.

తరచూ ఊళ్ళు మారే మనలాంటి పిల్లలకు ఈ విద్య తొందరగా వచ్చేస్తుంది. వదిలి వెళ్ళక తప్పనప్పుడు మనమే ముందు తెంచేసుకుంటే నొప్పి తక్కువని అనుకుంటాం. నొప్పి తగ్గదు. దాన్ని ఎదుటివాళ్ళ మీదకి నెట్టేస్తాం, అంతే. నేనూ గాలపు కర్రతోనే కొట్టానని దేవదాసు చదివాక తెలిసింది.

ఛఠ్ పండగ సాయంత్రం మాషీమాతో కలిసి సిద్ధగోరా సూర్యమందిరం దగ్గర చెరువుకి వెళ్ళాం. మెట్ల మీద కూర్చుని నాయనమ్మని అడిగాను, "అంత బంధం ఉన్నవాళ్ళు ఎందుకలా అయ్యారే?" అని.

"అది ఋణానుబంధం అమ్మలూ. ఋణం అన్నాక తీర్చుకోవాలి కదా. తీర్చకుండా కూర్చుంటే వడ్డీ పెరుగుతుంది" అంది.

మాషీమా ఒప్పుకోలేదు. "పాపం, ఆ అబ్బాయి చిన్నవాడు. తండ్రంటే భయం. భయపడ్డవాణ్ణి మరీ తిట్టకు" అన్నారు. ఆ మాట నాకు బాగా తగిలింది. నేనూ భయపడే కదా అలా రాశాను.

ఆత్మబంధువు అంటే చెప్పకపోయినా అన్నీ తెలుసుకునే మనిషి అని ఇంతకాలం అనుకున్నాను. పార్వతికి దేవదాసు గురించి తెలియనిది ఏముంది? అయినా ఆ ఉత్తరం ఆమె మనసు విరిచేసింది. ఎంత దగ్గరివాళ్ళకైనా మనం చెప్పిందే వినబడుతుంది, మనసులో దాచుకున్నది కాదు.

మర్నాడు నేను ఒక ఉత్తరం రాశాను. ఫోన్‌లో కాదు, కాగితం మీద. భయపడ్డానని, అబద్ధం చెప్పానని, ఆ రోజు తలుపు వెనకే ఉన్నానని రాశాను. డబ్బాలో వేశాక కాసేపు అక్కడే నిలబడ్డాను. వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

జవాబు పదహారో రోజున వచ్చింది. అందులో సగం పేజీ తిట్లే. ఇంకా పూర్తిగా క్షమించలేదట. కానీ కింద తన కొత్త చిరునామా రాసింది. వాళ్ళ నాన్నగారికీ బదిలీ అయిందట.