కలరా క్రిమి విషం చిమ్మే వేళ

కలరా క్రిమికి సహజమైన నివాసం మన పేగు కాదు. నదులు సముద్రంలో కలిసే చోటి ఉప్పునీరు. అక్కడ అది నీటిపురుగుల పెంకులను అంటుకొని బ్రతుకుతుంది. విషాన్ని తయారుచేసే జన్యువు దానిలో అప్పుడూ ఉంటుంది గాని, నిద్రాణంగా ఉంటుంది. అక్కరలేని చోట శక్తిని ఖర్చు చేయదు.

కలుషితమైన నీటితో మన కడుపులోకి వచ్చిన క్రిములలో చాలావరకు జఠరామ్లానికే చస్తాయి. మిగిలినవి చిన్నప్రేగును చేరుతాయి. పైత్యరసం, ఇతర పరిసరాల మార్పులను వాటి పొరలోని టాక్స్-ఆర్ వంటి ప్రోటీన్లు పసిగట్టి, టాక్స్-టి అనే మరొక ప్రోటీనును పుట్టిస్తాయి. అసలు మీట అదే. పేగు నడుమ ఉన్నంతసేపు పైత్యంలోని కొన్ని కొవ్వు ఆమ్లాలు దానిని అణచిఉంచుతాయి. పేగు గోడ చేరువలోని బైకార్బొనేటు దానికి ఊతమిస్తుంది. అప్పుడు క్రిమి గుంపుగా అంటుకొనడానికి నూగువంటి పోగులనూ, దానితోపాటు విషాన్నీ తయారుచేస్తుంది. సంఖ్య బాగా పెరిగాక, తమలో తాము పంపుకొనే రసాయన సంకేతాలతో ఆ జన్యువులను మళ్ళీ కట్టివేసి, విరేచనంతో బయటపడి మరొకరిని వెతుక్కుంటాయి.

క్రిములు లేకపోయినా వాటి విషం ఒక్కటే పేగులో నీరు ఊరేలా చేయగలదని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ళపై నిరూపించారు. ఆ విషం పేగు గోడను ధ్వంసం చేయదు; కణాలచేత ఉప్పునూ నీటినీ బయటికి పోయిస్తుంది. గ్లూకోజు, సోడియం జతగా లోపలికి వెళ్ళే దారి మాత్రం చెక్కుచెదరదు. మన చికిత్సకు ఆధారం ఆ దారే.

హౌస్ సర్జన్‌గా కలరా వార్డులో పనిచేసిన రోజుల్లో ఒక ముసలావిడ మనవడి నోటి దగ్గర నా గ్లాసును ఆపింది. “వద్దు బాబూ, తాగినకొద్దీ పోతోంది” అన్నది. ఆమె కళ్ళ ముందు జరుగుతున్నది అదే. బియ్యం కడుగువంటి నీళ్ళు ఆగడం లేదు. “పోయేది ఆగదమ్మా, లోపలికి పోయేదీ ఆగదు” అని చెప్పి, ఆమె చేతికే చెంచా ఇచ్చాను. రాత్రంతా కూర్చుని పట్టింది. తెల్లవారేసరికి పిల్లవాడు మూత్రం పోశాడు. విరేచనాలు ఇంకా తగ్గనే లేదు, కాని ప్రాణం నిలిచింది.

1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ములలో కలిపి తాగించి వేలమందిని కాపాడారు.

ఇంట్లో ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన చెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువ కానీయకండి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ కొద్దికొద్దిగా పట్టండి. కళ్ళు లోతుకుపోయినా, మగతగా ఉన్నా, మూత్రం ఆగినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి; తాగగలిగితే దారిలోనూ ద్రావణం పడుతూనే ఉండండి. దాహమంటున్న రోగికి నీళ్ళు మాత్రం ఆపకండి.