పరదా

అఫ్జల్‌గంజ్‌లో పుట్టి పెరిగినవాడికి వాన అనగానే మొదట గుర్తుకు వచ్చేది టార్పాలిన్. మబ్బు కనబడగానే పప్పు బస్తాల మీద, మిరపకాయల మీద పరదా పడవలసిందే. మనుషుల సంగతి ఆ తర్వాత. నాన్నగారు నలభై ఏళ్ళుగా కిరాణా టోకు దుకాణం నడుపుతున్నారు. తడిమట్టి వాసన ముక్కుకు తగిలేలోగానే ఆయన చెయ్యి తాడు మీదకు పోతుంది. ఆస్తిపాస్తుల మాట ఎలా ఉన్నా, ఆ అలవాటు మాత్రం నాకు పూర్తిగా సంక్రమించింది. పడవ మీద అది ఎంత ప్రమాదకరమైన అలవాటో రెండేళ్ళ క్రితం కార్తీకంలో తెలిసివచ్చింది.

పాపికొండలు చూడాలని అమ్మకు చాలాకాలంగా కోరిక. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న రాయల్ వశిష్ఠ అనే పడవ గోదావరి వరదలో మునిగిపోయిన తర్వాత ఆమె ఆ ఊసు ఎత్తడం మానేసింది. ఆ పడవలో మా హైదరాబాదువారు, వరంగల్లువారు ఎందరో ఉన్నారు. 38వ రోజున గాని దాన్ని నది అడుగునుంచి పైకి తీయలేకపోయారు. ఆ తర్వాత విహారాలు ఆగిపోయి, కొత్త నిబంధనలతో మళ్ళీ మొదలయ్యాయి. "ఇప్పుడు జాకెట్లు ఇస్తారట, దారిపొడుగునా కనిపెట్టుకుని ఉంటారట" అని అమ్మే ఒకరోజు మెల్లగా అన్నది. సరే, బయలుదేరాము.

రాత్రి రైలులో రాజమండ్రి, అక్కడినుంచి రోడ్డు మీద గండిపోచమ్మ గుడి. అమ్మవారికి దండం పెట్టుకుని రేవులో పడవ ఎక్కాము. అప్పటికి ఆకాశం కాస్త మసకగా ఉన్నదే గాని వాన లేదు. ఉప్మా తిన్నాము. మైకులో ఒక అబ్బాయి హాస్యమాడుతున్నాడు. ఆ మైకు లేకుంటే గోదావరి ఇంకా అందంగా ఉండేదని నా అభిప్రాయం. పక్క సీటులోని పిల్లలు మాత్రం ఒప్పుకోరు.

రెండు గంటలు గడిచాయో లేదో, ఎదురుగా ఉన్న కొండ ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. నగరంలో వాన నెత్తిన పడ్డాక గాని తెలియదు. నది మీద అది దూరం నుంచి నడిచి వస్తుంది. తెల్లగా, నీటి మీద ఒక గీత గీసినట్టు, ఇవతల నునుపు, అవతల ముళ్ళు. ఆ గీత మా దగ్గరకు వస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. అంతలో గాలి. జల్లు పక్కనుంచి కొట్టి, కుర్చీలన్నీ ఒక్క క్షణంలో తడిసిపోయాయి. మేడ మీద ఉన్నవాళ్ళందరినీ కిందికి దింపారు.

పడవ పక్కలకు పరదాలు చుట్టి కట్టి ఉన్నాయి. ఇక చెప్పాలా! నాన్నగారు ఒక ముడి, నేనొక ముడి విప్పేశాము. మమ్మల్ని చూసి మరో నలుగురు లేచారు. అమ్మ వణుకుతున్నది. ఎవరిదో చంటిపిల్ల ఏడుస్తున్నది. సగం పరదా దిగేసరికి సరంగు దగ్గరుండే కుర్రవాడు పరుగున వచ్చి, "వదిలెయ్యండి బాబూ, పరదా వదిలెయ్యండి" అని కేకలు పెట్టాడు.

"ముసలామె చలికి వణుకుతున్నది బాబూ, జర కట్టనియ్యి" అన్నారు నాన్నగారు.

"తడిస్తే ఆరిపోద్దండి. మూసేస్తే గాలి పట్టేస్తాదండి. పడవ ఒరిగితే ఎటునుంచి బయటికెళ్తారండి?"

నేను ఊరుకోలేదు. డబ్బు కట్టి ఎక్కాము, ముసలివాళ్ళు ఉన్నారు అంటూ పెద్ద గొంతుతోనే మాట్లాడాను. ఆ మాటలు ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నది. ఆ కుర్రవాడు నాతో వాదించలేదు. "మంటూరు ఎరగరాండీ?" అని మాత్రం అని, నా చేతిలోని తాడు తీసుకుని, పరదాను మళ్ళీ పైకి చుట్టేశాడు.

ఎరుగుదును. 2018 మే 15న, కచ్చులూరు ప్రమాదానికి ఏడాది ముందు, కొండమొదలు వైపు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానకు మునిగిపోయింది. అందులో ఉన్నది విహారయాత్రికులు కారు, కొండ గ్రామాలవారు. వాన లోపలికి కొట్టకుండా తలుపులూ కిటికీలూ మూశారనీ, అందువల్లనే చాలామంది బయటపడలేకపోయారనీ అప్పుడు పత్రికలలో చదివాను. చదివి, కాగితం మడిచి, దుకాణంలో పొట్లాలకు వేశాను. అదే నది మీద నిలబడి, అదే పని చేయబోయాను.

సరంగు పడవను ఒడ్డుకు చేర్చి కట్టించాడు. గంటన్నర అక్కడే. అమ్మ శాలువను జాకెట్ లోపలికి మార్చాము. ఇదొక చిన్న విషయమే గాని మీరు వెళ్తే గుర్తుంచుకోండి: కప్పుకునేది ఏదైనా జాకెట్ లోపలే ఉండాలి. పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో వేసుకోవాలి. తర్వాత వాళ్ళు అల్లం టీ ఇచ్చారు. వాన గ్లాసులో పడుతుంటే తాగాము. మైకు మూగబోయింది. కొండవాగులు ఎర్రటి నీళ్ళు తెచ్చి నదిలో కలుపుతున్నాయి. ఆ ఎరుపు నదిలో కలిసిపోకుండా ఒడ్డు వెంట చాలాదూరం పట్టీలాగా పోవడం అమ్మే చూపించింది. పాపికొండలు చివరికి కనబడనే లేదు. పేరంటాలపల్లి దాకా పోకుండానే వెనక్కు తిప్పారు. అందుకు ఎవరూ గొడవపడలేదు, నాతో సహా.

దీనికీ మా అఫ్జల్‌గంజ్‌కూ సంబంధమేమిటంటారా? మా దుకాణానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, 150 మంది దాకా ఆ చెట్టెక్కి రెండు రోజులు పట్టుకుని వేలాడి బతికారని చెబుతారు. పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. ఆ వరదలోనే అంజద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. ఇళ్ళు వేల సంఖ్యలో కూలిపోయాయి. వాన వస్తే తలుపు వేసుకుని లోపల కూర్చోవడం అందరికీ తెలిసిన జాగ్రత్తే కదా, నాకు తెలిసినట్టే.

ఆ చెట్టు పక్కనుంచి వేలసార్లు పోయి ఉంటాను, ఎన్నడూ ఆగలేదు. తిరిగి వచ్చిన వారానికి నాన్నగారే "ఒకసారి పోయి చూద్దాం పద" అన్నారు. రోగుల బంధువులు అక్కడ సద్దిమూటలు విప్పుకుని కూర్చున్నారు. ఆయన కొమ్మలకేసి చాలాసేపు చూసి, "రెండు రోజులు ఏం తిని ఉంటారు?" అని అడిగారు. కిరాణా వ్యాపారి అడగవలసిన ప్రశ్నే. నేను జవాబు చెప్పేలోగా చినుకులు మొదలయ్యాయి. బస్తాలు బయట ఉన్నాయని ఇద్దరికీ ఒకేసారి గుర్తుకు వచ్చింది. నేను గంజ్ వైపు పరుగెత్తాను. నాన్నగారు వెనకాల గొడుగు లేకుండానే, తొందరపడకుండా నడిచి వచ్చారు.