నేలమీద కూర్చుని లేవడం

ఒకటవ తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాలంటే కుర్చీలో కూర్చుంటే సాగదు. నేలమీద వారి ప్రక్కనే కూర్చోవాలి; చేయి పట్టి 'అ' వ్రాయించాలి; అంతలో మరొక మూలనుండి పిలుపు వస్తే లేవాలి; మరల కూర్చోవాలి. హోసూరు ప్రాంతంలో ఇరవై యేళ్ళకు పైగా నేను చేస్తున్న పని ఇదే. రెండేళ్ళ క్రితం జూన్ నెలలో, బడి తెరిచిన మొదటి వారంలోనే, అలా లేవబోయి లేవలేకపోయాను. ఒక పిల్లవాడు "చెయ్యి పట్టుకో మిస్" అంటూ తన చిన్న చేయి అందించాడు. పిల్లలెవరూ నవ్వలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది. మా బడిలో తెలుగు చెప్పేది నేనొక్కతెనే. నేను సెలవు పెడితే ఆ పిల్లల అక్షరాలు అక్కడే ఆగిపోతాయి.

అప్పటికి నాకు నలభై యేడేళ్ళు. పగలంతా నిలబడి పాఠం చెప్పి, సాయంత్రం ఇంటెడు చాకిరీ చేసే దానికి వేరే వ్యాయామమెందుకని అనుకునేదాన్ని. మీరూ అనుకుంటూ ఉండవచ్చు. డాక్టరమ్మ బరువు సంగతి ఎత్తుతారని భయపడుతూ వెళ్ళాను. ఆమె చేతులు కట్టుకొని కుర్చీలోనుండి పదిసార్లు లేవమన్నారు. ఐదవసారికే తొడలు వణికాయి. ఇంటిపని అలసటనిస్తుందిగాని, రోజూ అదే బరువు, అదే కదలిక కనుక కండకు క్రొత్త బలం ఇవ్వదని, ముట్లుడిగే వయస్సులో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక కూడా పలచబడుతుందని వివరించారు.

ఆ ఉత్సాహంలో నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి గంటసేపు నడక మొదలుపెట్టాను. తొమ్మిది రోజులు సాగింది. పదవనాడు పాఠం మధ్యలో కునికిపాటు వచ్చింది. నిద్ర అమ్మి ఆరోగ్యం కొనబోయానన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు చెప్పారు. ఒక్కొక్క విడత పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని తీసివేశారు. మనవంటి వారికి ఈ చివరిమాటే వరం. నేను బస్సు ఒక స్టాపు ముందే దిగి పన్నెండు నిమిషాలు చురుకుగా నడుస్తాను, తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఐదు రోజులకు 120 నిమిషాలు, ఆదివారం మరో అరగంట. మంగళ, శుక్రవారాలలో కుక్కరు కూతలు వేసేలోగా కుర్చీలోనుండి పదేసిసార్లు లేవడం, గోడకు చేతులానించి తోయడం. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు వైద్యుల నడిగి మొదలుపెట్టండి.

తిండి విషయంలో మన రాగిముద్దను వదలనక్కరలేదు. లోపం ముద్దలో లేదు, ప్రక్కన ఉండే దానిలో ఉన్నది. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన చారునీళ్ళతో తినేది తల్లి. 2020 నాటి జాతీయ లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు 45 గ్రాములకు పైగా మాంసకృత్తులు కావాలి. ఆ చారునీళ్ళలో అవెక్కడివి? ఉలవలో, అలసందలో, కాలంలో పితికిపప్పో, గుడ్డో ముందుగా మీ కంచంలో పడనివ్వండి. ముద్ద కాస్త చిన్నదైనా ఫరవాలేదు.

ఇంట్లోవారు ఒక్క పనైనా అందుకోకపోతే ఈ సలహాలన్నీ వట్టివే. మా ఇంట సాయంత్రం గిన్నెలు ఇప్పుడు మా అబ్బాయి వంతు. తోమినవి నేను మరల తోమకుండా ఉండటానికే కొన్ని నెలలు పట్టింది!

పరీక్షల కాలంలో అన్నీ తప్పుతాయి. మరుసటి వారం మరల మొదలుపెడతాను. బరువు రెండేళ్ళలో తగ్గింది కిలోన్నరే. ఈ జూన్‌లో క్రొత్త పిల్లల ప్రక్కన కూర్చుని లేస్తున్నాను. కుడిచేయి ఇంకా నేలకు ఆన్చవలసి వస్తున్నది. ఎడమచేతిలో మాత్రం పలక ఉంటున్నది.