ఆటకు మార్కులు

మా చిన్నవాని పుట్టినరోజునకు మేమొక వీడియో గేమును ఎంచితిమి. విమర్శకులు దానికి 10కి 7 ఇచ్చిరని చూచి, మొదటి తరగతియే గదాయని సంతోషించితిమి. వాఁడు మొగము ముడుచుకొని, "అమ్మా, ఏడంటే సామాన్యమే" అనెను.

మన బడులలో నూటికి 35 వచ్చిన గట్టెక్కినట్లే; 60 వచ్చిన మొదటి తరగతి. ఆటల లోకమున నట్లు గాదు. కొలబద్దపై పది గీఁతలున్నను చాలమంది విమర్శకుల కలము ఆఱునకు దిగువకు దిగుట యరుదు. ఇంగ్లండునందలి ఎడ్జ్ పత్రిక మాత్రము ఐదనఁగా నడిమిదేయని పట్టుపట్టుచు వచ్చినది. జపాను పత్రికయగు ఫామిత్సులో నలుగురు విమర్శకులు తలకు పదేసి మార్కుల చొప్పున తీర్పు చెప్పుదురు. 40కి 40 మొట్టమొదట పొందినది 1998లో వెలువడిన జెల్డా ఆట. మెటాక్రిటిక్ అనునది ఈ వేర్వేరు కొలతలను నూటికి మార్చి సగటు కట్టును. ఏ పత్రిక కెంత బరువిచ్చునో చెప్పదు.

ఆ సగటునకు కూళ్లును ముడివడి యున్నవి. 2010లో వెలువడిన ఫాలౌట్ న్యూ వేగస్ ఆటకు 85 వచ్చినచో నిర్మించినవారికి అదనపు సొమ్ము ముట్టునని యొడంబడిక యుండెనట. వచ్చినది 84. ఈ సంగతిని ఆ నిర్మాతలలో నొకరే 2012లో బయటపెట్టిరి. ఒక్క మార్కు! పరీక్షలలో మన బిడ్డకిట్లయిన మనమెంత కుమిలిపోదుము!

అంకెను విడిచి దాని క్రింది మాటలను చదువుమని వానితో నంటిమి. పోరు విసుగనియు, కథ మాత్రము చక్కనిదనియు వ్రాసియుండెను. కథలన్న వానికి ప్రాణము. మరునాఁడు వానిని అన్నమునకు మూఁడుమార్లు పిలువవలసి వచ్చెను.