ఉద్ది లేని కోలాటం

నలభై ఆరేళ్లొచ్చాక కోలాటం నేర్చుకుంటానంటే మా వారు పేపరు దించి, "నడుం పట్టేస్తే అమృతాంజనం నేనే రాయాలి కాబోలు!" అన్నారు. విననట్టే కోలలు పుచ్చుకుని బయల్దేరాను. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి మా ఏలూరు వీధి ఆడవాళ్లం జట్టు కట్టాం మరి!

నాలుగు కోపులు వచ్చేసరికి నాకు కాస్త గర్వం కూడా వచ్చింది. ఊరుకోక పుస్తకాలు తిరగేశాను. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54లో రాసిన 'నృత్తరత్నావళి'లో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ మార్గం, తరవాతి నాలుగూ దేశి. కోలలతో ఆడే దండరాసకం ఆ దేశిలోదే. ఏనుగుల దండుని నడిపినవాడు ఇలాంటి అడుగుల్నీ గమనించాడంటే ముచ్చటేసింది. అటు ఫ్రాన్సులో 1589లో, ఆర్బో అని పేరు మార్చుకున్న ఓ ముసలి మతగురువు, జంటలు ఆడే పవాన్, గలియార్డ్ నాట్యాలకి స్వరం పక్కనే అడుగు రాసిపెట్టాడు. శిష్యుడికి చెబుతున్నట్టుగా ఉంటుందా పుస్తకం. అది చూసుకునే ఇవాళ్టికీ అక్కడివాళ్లు ఆ ఆటలు ఆడుతున్నారు.

మరి మా కోపులు ఎక్కడ రాసున్నాయి? ఆ సంగతి జడకోలాటం దగ్గర తేలింది. పైనుంచి వేలాడే రంగు తాళ్లు పట్టుకుని జడ అయితే అల్లేశాం గానీ విప్పడం ఎవరికీ రాలేదు. అప్పుడు మా మేనత్త గుర్తొచ్చింది.

ఇరవై రెండేళ్లకే భర్త పోయి, లంకలో మా ఇంటికి వచ్చేసిన మనిషి. పెళ్లికి ముందు ఆవిడ లేని కోలాటం ఊళ్లో లేదట. నా తొమ్మిదో ఏట ఓ మధ్యాహ్నం గడ్డిమేటు వెనక రెండు పుల్లలు పట్టుకుని ఒక్కత్తే ఆడుతోంది. ఎదురుగా ఉద్ది ఉన్నట్టే గాలికి కోల వేస్తోంది. నవ్వొచ్చి, పరిగెత్తి నాయనమ్మతో చెప్పేశాను. నాయనమ్మ కేకలెయ్యలేదు. ఆ పుల్లలు తెచ్చి పొయ్యిలో పెట్టింది. అత్తయ్య ఆ మంటమీదే కాఫీ కాచింది.

డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిణ్ణి ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ఓసారి చూసి, "అల్లిన దారినే వెనక్కి రావాలే అమ్మాయ్. ఆఖరి అడుగు ముందు విప్పాలి" అంది. జడ విడిపోయింది.

అంతలో ఒకావిడ నా చెవిలో, "అమ్మవారి జాతర కదండీ... పెద్దావిడ కూర్చుని చూస్తే సరిపోతుందేమో" అంది. నాకు అర్థమైంది. అక్కర్లేనిచోట నోరు విప్పిన దాన్ని, కావలసినచోట ముయ్యడమా?

"ఆవిడ ఆడకపోతే నేనూ ఆడను" అన్నాను. గొంతు వణికింది. ఎవరూ మాట్లాడలేదు.

అత్తయ్య మెల్లిగా లేచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

"ఆ రోజు నవ్వింది నువ్వేగా? రా, నాకు ఉద్దిగా నిలబడు."

ఆవిడతో సమానంగా ఆడలేక ఆ రాత్రి నా నడుం పట్టేసింది. అమృతాంజనం మా వారే రాశారు.